తల్లిని అప్పగించాలా, వద్దా?

ఆఫీసులో ఆవిడని అసలు పేరుతో పిలిచేవాళ్ళు లేరు. చెవులమ్మ అంటేనే పలుకుతుంది. టీవీ ఛానెల్‌కి ప్రేక్షకులు ఫోన్ చేసి వదిలే అభిప్రాయాలు వినడం ఆవిడ ఉద్యోగం. కిటికీ లేని గదిలో, గోడకి ఆనించిన బల్ల ముందు, హెడ్‌ఫోన్లు తగిలించుకుని పొద్దస్తమానం లోకుల నోళ్ళు వింటుంది. వంటల కార్యక్రమంలో ఉప్పు ఎక్కువైందని తిట్టిపోసేవాళ్ళు, వార్తలు చదివే అమ్మాయికి సంబంధాలు తెచ్చేవాళ్ళు, చెప్పుకునే దిక్కులేక యంత్రంతో కష్టసుఖాలు చెప్పుకునేవాళ్ళు. వాళ్ళందర్నీ ఇంట్లో అనుకరించి చూపిస్తే వాళ్ళమ్మ కళ్ళల్లో నీళ్ళు తిరిగేలా నవ్వేది.

ఆ సీరియల్ మొదలయ్యాక నవ్వడానికేమీ మిగల్లేదు.

దానికి మూలం ఒక పాత నవల. ఆ కథలోని ఊళ్ళో వయసు మీరినవాళ్ళకి బతికే హక్కు ఉండదు. గడువు తీరగానే సర్కారు బండి వచ్చి తీసుకుపోతుంది. వెళ్ళినవాళ్ళు తిరిగి రారు. అటకల మీదా బీరువాల వెనకా జనం దాచుకున్న ముసలివాళ్ళని వెతికి పట్టుకునే డిటెక్టివ్ ఇందులో కథానాయకుడు. వెతుకులాట తిరిగి తిరిగి చివరికి అతని గుమ్మంలోకే వస్తుంది. అతని ఇంటి గోడ వెనక దాగి ఉన్నది అతని తల్లే. నవలలో అతను తల్లిని అప్పగించడు, ప్రాణం పోగొట్టుకుంటాడు. చెవులమ్మ చదువుకునే రోజుల్లో ఆ నవల చదివి, చాలారోజులు తేరుకోలేకపోయింది.

ఛానెల్లో ప్రోగ్రాం సారుకి ఆ ముగింపు చప్పగా తోచింది. రాసినాయన ఎప్పుడో పోయాడు కాబట్టి అడ్డుపడే నాథుడు లేడు. తల్లిని అప్పగించాలా, వద్దా, మీరే చెప్పండని తెరమీద ఫోన్ నంబరు వేయించాడు. ఆదివారం ఎపిసోడ్ చివర ఒకరి అభిప్రాయం వాళ్ళ గొంతుతోనే వినిపిస్తామన్నాడు. ఆ ఒక్కటి ఏరే పని చెవులమ్మ మీద పెట్టాడు. ఇంకేముంది, జనం ఎగబడ్డారు.

అప్పగించమనేవాళ్ళే ఎక్కువ. అది కూడా బాధపడుతూ కాదు, బజార్లో కూరగాయలు ఏరుతున్నంత తేలిగ్గా. ఆ ముసలిది ఎపిసోడంతా దగ్గుతోంది, తొందరగా పంపించెయ్యండి అంది ఒకామె. జీతం తీసుకునేవాడు ఇంట్లోవాళ్ళకి మినహాయింపు ఇవ్వడమేమిటని ఒకాయన న్యాయం చెప్పాడు. ఇలాంటి చట్టం మనకీ ఉంటే ఇళ్ళద్దెలు దిగొస్తాయన్నాడు మరొకడు. అని ఊరుకోలేదు, తన మాటకి తనే మురిసిపోయి నవ్వాడు. చెవులమ్మ మధ్యాహ్నం డబ్బా మూత తీసి, రెండు ముద్దలు తిని, మూసేసేది.

వచ్చినవన్నీ మామూలుగా వింటూ కూర్చుంటే తెల్లారినా తెమలదు. అందుకని రికార్డింగుని రెట్టింపు వేగంతో పరుగెత్తించి వినడం ఆ గదిలో పద్ధతి. ఆడా మగా, ముసలీ పడుచూ అందరూ చిలకల్లా కీచుమంటారు. అలా వింటే కన్నతండ్రి గొంతు కూడా పోల్చుకోలేమని ఆవిడే ఒకప్పుడు ఇంట్లో భోజనాల దగ్గర చెప్పి నవ్వింది.

ఇంట్లో ఉండేది ముగ్గురు: చెవులమ్మ, ఆవిడ మొగుడు, ఆవిడ తల్లి. తల్లికి హాల్లోనే ఒక మూల తెర కట్టి మంచం వేశారు. ఆవిడకి చూపు మందగించిందిగానీ బుర్ర చురుకే. మొగుడు కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేస్తాడు. నోట్లో వేలు పెడితే కొరకలేడని వీధంతా అంటుంది. మందు వేసుకున్నారా అత్తయ్యగారూ అని అడగందే గుమ్మం దాటడు. అయినా ముసలావిడ అప్పుడప్పుడూ, పెద్దదాని దగ్గరికి పోతానే అనేది. ఆ పెద్దకూతురు ఉండేది ఒంటిగది ఇల్లు, అందులో ఇప్పటికే కాలు పెట్టే చోటు లేదు. ఆయన నిన్ను కన్నతల్లిలా చూస్తుంటే నీకేం లోటు అని చెవులమ్మ కసిరేది. ఆవిడ సంసారం ఆ నమ్మకం మీదే నడుస్తోంది. అమ్మ తన దగ్గరుండాలి, మొగుడు మనస్ఫూర్తిగా ఉండనివ్వాలి. ఇంతకుమించి ఆవిడ ఎవర్నీ ఏదీ అడగలేదు.

ఆ వారం ఒక గొంతు వచ్చింది. అన్నిటిలాగే కీచుమంటున్నా, మాటలు మాత్రం నింపాదిగా ఉన్నాయి. "డిటెక్టివ్‌ని నేను తప్పు పట్టను. ఆవిడ బతకవలసింది బతికేసింది. మా ఇంట్లోనూ ఒక పెద్దావిడ ఉంది. పైకి ప్రేమగా ఉంటాను, ఉండక తప్పదు కాబట్టి. ఆ బండి మా వీధికి వస్తే మాత్రం, వెళ్ళి తలుపు తీసేది నేనే."

చెవులమ్మకి ఒళ్ళు మండిపోయింది. బూతులు తిట్టినవాళ్ళు వంద రెట్లు నయమనిపించింది. ఈ మనిషి రోజూ ఆ ముసలావిడతో ఎంత తియ్యగా మాట్లాడుతుంటాడో, ఆ పిచ్చితల్లి ఎంత పొంగిపోతుంటుందో అనుకుంది. వీడి బండారం వీడి ఇంట్లోవాళ్ళకి తెలిసి తీరాలి. ఆ కసితోనే దాన్ని ఆదివారానికి ఏరింది. ఒక్క ముక్క కూడా కొయ్యకుండా వెయ్యమని ఎడిటర్‌కి మరీ మరీ చెప్పింది.

ఆదివారం సాయంత్రం ముగ్గురూ టీవీ ముందు కూర్చున్నారు. ఎపిసోడ్ అయిపోయింది, అభిప్రాయం మొదలైంది. ఇప్పుడది మామూలు వేగంలో, మామూలు గొంతుతో వస్తోంది. మొదటి మాటకే చెవులమ్మ పక్కకి తిరిగింది. మొగుడు తేలు కుట్టిన దొంగలా బిగుసుకుపోయి ఉన్నాడు. ఆయన గొంతే, ఆయన నింపాదే, అత్తయ్యగారూ అని పిలిచే ఆ మెత్తదనమే. చెవులమ్మ టీవీ కట్టేద్దామని లేచేలోపు ఆఖరి మాట కూడా వచ్చేసింది.

ముందు మొగుడు, అది తన గొంతు కాదన్నాడు, గొంతులు కలుస్తాయన్నాడు. తర్వాత, ఏదో సరదాకి చేశానన్నాడు. ఆ సరదా ఎవరూ నమ్మకపోయేసరికి కోపం తెచ్చుకున్నాడు.

"ఇన్ని ఫోన్లు వస్తుంటే, దీన్ని ఏరినవాడెవడు?"

"నేనే" అంది చెవులమ్మ.

అప్పుడు ముసలావిడే నోరు విప్పింది. అల్లుడి వైపు తిరగలేదు, కూతురితోనే మాట్లాడింది.

"అల్లుడుగారు ఫోన్లో ఇది చెప్పేటప్పుడు నేను తెర వెనక మెలకువగానే ఉన్నానమ్మా."

"మరి నాకెందుకు చెప్పలేదే?"

"నీకు తెలియనంతకాలం ఇక్కడ ఉండగలననుకున్నాను."

మర్నాడే ఆవిడ పెద్దకూతురి దగ్గరికి వెళ్ళిపోయింది. చెవులమ్మ కాళ్ళావేళ్ళా పడ్డా ఆగలేదు. వీధిలో అందరూ విన్నారు, ఏ మొహంతో ఈ ఇంటి అన్నం తిననూ అంది. మొగుడు చాటుగా అన్న మాటని ఊరందరి ముందూ అనిపించింది తన కసే. ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా చెవులమ్మకి మొగుడి మీద ఎంత రోతో తన మీదా అంతే రోత పుట్టేది.

ఆఫీసుకి వెళ్తే అక్కడ ఇంకో నరకం. ఆ వారం వచ్చిన ఫోన్లన్నీ ఆ గొంతు గురించే. ఉన్నమాట దాచకుండా చెప్పాడన్నారు. మా మనసులో మాటే అన్నాడన్నారు. పాపం, ఎంత ఓపిక పట్టి ఉంటాడో అని ఒకామె ముక్కు చీదింది. తెర వెనక పడుకున్న మనిషి గురించి అడిగినవాళ్ళు మచ్చుకి ఒక్కరు లేరు. ఆ పొగడ్తలన్నీ చెవులమ్మే వినాలి, విని బాగున్నవి ఏరాలి.

ప్రోగ్రాం సారు ఉబ్బితబ్బిబ్బవుతూ వచ్చాడు. ఆ పెద్దమనిషి ఎవరో ఆరా తీసి స్టూడియోకి పిలిపిద్దామన్నాడు. చెవులమ్మ హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టింది.

"ఆరా తియ్యక్కర్లేదు సార్. మా ఆయనే. ఆ పెద్దావిడ మా అమ్మ."

ఆయన నొచ్చుకుంటాడేమో అనుకుంది. ఆయన కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

"అయితే మరీ మంచిది కదమ్మా. ఇద్దర్నీ తీసుకురండి, ఎదురెదురుగా కూర్చోబెడదాం."

చెవులమ్మ సంచి తీసుకుని నేరుగా ఇంటికి వచ్చేసింది. దారి పొడుగునా ఒకటే ఆలోచన. ఈ మాట చెబితే మొగుడికి తను చేసిందేమిటో తెలిసివస్తుంది. సిగ్గుపడతాడు. మనిషి సిగ్గుపడితే చాలు, వెళ్ళి అమ్మ కాళ్ళు పట్టుకోమనవచ్చు, ఎలాగోలా ఇంటికి తెచ్చుకోవచ్చు.

మొగుడు హాల్లో కూర్చుని కళ్ళజోడు తుడుచుకుంటున్నాడు. జనం పొగిడిన సంగతి, సారు అన్న మాట, చెవులమ్మ ఉన్నది ఉన్నట్టు చెప్పింది. ఆయన తుడవడం ఆపాడు. కళ్ళజోడు పెట్టుకుని అడిగాడు.

"ఎప్పుడు రమ్మన్నారు?"