వేసుకోని నల్లకోటు

కడపలో ఓబుళరెడ్డి వకీలుగారి ఆఫీసులో, కాగితాల బీరువా పక్కన గోడకు ఒక మేకు ఉండేది. ఆ మేకుకు నల్లకోటు ఒకటి వేలాడుతూ ఉండేది. కొత్త కోటు. దాని గుండీలు ఎవరూ ఒక్కసారి కూడా పెట్టి తీసిన పాపాన పోలేదు. వచ్చిన కక్షిదారులు అది రెడ్డిగారిదే అనుకునేవారు. కాదు, ఆయన దగ్గర పని నేర్చుకుంటున్న లేవిది. సొంత కోటు కంటపడకుండా రోజూ మొహం తిప్పుకుని కూర్చునే మనిషి జిల్లా మొత్తం మీద అతనొక్కడే అయివుండాలి.

లేవిది కమలాపురం దగ్గర చిన్న పల్లె. తండ్రి గాబ్రియేలు అక్కడి క్రైస్తవ సంఘానికి ఉపదేశి. ఆదివారం ఆరాధన జరిపించడం, పిల్లలకు అక్షరాలు దిద్దించడం ఆయన పని. సంఘమంటే ముప్పై, నలభై గడపలు. కూలికి పోయేవాళ్ళు, రెండు మూడెకరాల మెట్ట చేను ఉన్నవాళ్ళు. లేవి హైస్కూలుకు పోయిన ఏడాది అక్కడి ఆడవాళ్ళంతా ఒక మాట మీదికి వచ్చారు. ఎసట్లో కొర్రలు పోసే ముందు ప్రతిసారీ దేవుడి పేరున ఒక పిడికెడు తీసి పక్కన పెట్టడం వాళ్ళకు ఎప్పటినుంచో అలవాటు. ఇకమీదట లేవి పేరున ఇంకో పిడికెడు తీయాలి. దానికి వేరే కుండ. ఇంట్లో గింజలు అడుగంటిన రోజున కూడా ఆ రెండో పిడికెడు ఆగలేదు. అట్లా పదేళ్ళకు పైగా తీశారు. ఆ గింజలే అతన్ని హైస్కూలు దాటించి, కాలేజీ దాటించి, మద్రాసులో బి.ఎల్. దాకా చదివించాయి.

1954లో అతను బి.ఎల్. పాసైనాడు, ఆ రెండో కుండ అక్కడితో ఆగింది. ఆ ఏడు కోతల పండుగనాడు పల్లెలో కృతజ్ఞతారాధన పెట్టారు. తల్లి విశ్వాసమ్మ నల్లగుడ్డ తెప్పించి దర్జీ చేత కోటు కుట్టించింది. గాబ్రియేలు ఆ కోటును గుళ్ళో బల్ల మీద పరిచి, పెద్దలందరి చేతా దానిమీద చేతులు పెట్టించి ప్రార్థన చేశాడు. ఆ సంఘంలో చేతులు పెట్టి ప్రార్థన చేశారంటే ఇక తిరుగులేదు. గాబ్రియేలు ఉపదేశి అయింది అలాగే. సంఘపెద్దలు పెద్దలైంది అలాగే. ఆ పూట నుంచి లేవి వకీలైపోయాడు.

చట్టం ఆ లెక్కన నడవదు. బి.ఎల్. తర్వాత ఏడాది పాటు ఒక సీనియరు దగ్గర పని నేర్చుకోవాలి. ఆపైన బార్ కౌన్సిల్ పరీక్ష ఒకటుంటుంది. అది పాసైతేనే కోర్టులో నోరు విప్పే హక్కు వస్తుంది. ఈ మాట లేవి ఆరోజే చెప్పి ఉండాల్సింది. అందరి కళ్ళల్లో నీళ్ళు చూసి చెప్పలేకపోయాడు. ఏడాదే కదా, పాసైనాక నవ్వుతూ చెప్పొచ్చులే అనుకున్నాడు. 1955లో పరీక్ష రాశాడు, తప్పాడు. ఇక చెప్పే దారే మూసుకుపోయింది.

అప్పట్నుంచి పల్లెకు పోవడమంటే అతనికి ఒళ్ళు చల్లబడేది. రైలు దిగి ఊళ్ళో అడుగు పెడితే చాలు, “వకీలప్ప వచ్చినాడు” అనేవాళ్ళు. గట్టు తగాదా ఒకరిది, అన్నదమ్ముల ఆస్తి పంపకం ఒకరిది. “చూస్తాంలే, టైం రానీ” అంటూ నీళ్ళు నమిలేవాడు. పోకపోతే తల్లి ఉత్తరం రాయించేది. పోతే ఇది. కడపలో ఉంటే మేకు మీద కోటు, పల్లెలో ఉంటే ఆ కోటుకు మొక్కినవాళ్ళు. ఇరవై ఏడేళ్ళ మనిషికి ఊపిరాడే చోటంటూ లేకుండా పోయింది.

రెండోసారి పరీక్ష 1956 జూలైలో. ఎట్లా చదవాలన్నదే ఇప్పుడు తేల్చుకోవాలి. లేవికి తెలిసిన చదువు ఒక్కటే, కంఠతా పట్టడం. చిన్నప్పుడు గుళ్ళో వాక్యాలు ఒక్క ముక్క తప్పకుండా అప్పజెప్పి బహుమతులు తెచ్చుకున్నవాడు. చట్టాలూ అట్లాగే మింగాడు. కిందటి పరీక్షలో ప్రశ్నలన్నీ తగాదాలుగానే వచ్చాయి. ఫలానా మనిషి ఫలానావాడి ఇల్లు ఆక్రమించాడు, దావా ఎవరు వేయాలి, ఎక్కడ వేయాలి, ఎప్పట్లోగా వేయాలి? ఇతను ప్రతిదాని కిందా సెక్షను మొత్తం కామాలతో సహా రాసి పెట్టి వచ్చాడు. అడిగింది వేరు, రాసింది వేరు. అయినా రెండోసారి కూడా పుస్తకం మొదటి పేజీ నుంచే మొదలుపెట్టాడు. ఇంకా గట్టిగా కంఠస్థం చేస్తే సరిపోతుందని అతని నమ్మకం. నమ్మకమని పేరేగానీ, అది భయం.

మధ్యాహ్నాలు రెడ్డిగారు కోర్టుకు పోయినప్పుడు ఆఫీసు వెనక వసారాలో అటూ ఇటూ తిరుగుతూ వల్లె వేసేవాడు. గుమాస్తా బొజ్జన్న ఓపిగ్గా విన్నాడు, ఒక నెల విన్నాడు, రెండు నెలలు విన్నాడు. ముప్పై ఏళ్ళుగా దావా కాగితాలు రాసిన మనిషి.

ఒకనాడు పెన్ను కింద పెట్టి అన్నాడు. “ఏమప్పా లేవీ, ఎన్ని దినాలు అరుస్తావు? సెక్షన్లన్నీ నీ నోట్లోనే ఉండాయి. మనిషి వచ్చి ఎదురుగా కూచుంటే యా సెక్షను తీయాలో తెలీక చస్తాండావు. ఆ బీరువాలో పాత కేసుల కట్టలు ఉండాయి. ఒక్కొక్కటి తీయి. కక్షిదారు చెప్పిందాన్నుంచి నువ్వే దావా రాయి. రాసినాక అయ్య రాసిందానితో పక్కన పెట్టి చూసుకో. అదే చదువు.”

“టైం శానా తక్కువ ఉండాది బొజ్జన్నా. కట్టలు తీస్తే పుస్తకం ఎప్పుడు చదివేది?” అన్నాడు లేవి.

అసలు సంగతి అది కాదు. కట్ట విప్పితే తనకేమీ రాదని తనకే తెలిసిపోతుంది. కంఠతా పట్టేవాడికి ఆ బాధ లేదు, గొంతు కదులుతున్నంతసేపూ చదువుతున్నట్టే ఉంటుంది. బొజ్జన్నకు అది అర్థం కాకపోలేదు.

“సరే, కట్టలొద్దు. మీ ఊర్లో తగువులు లేవా? ఈ ఆదివారం పోతే ఒకరిని కూచోబెట్టి, ఒక్కటంటే ఒక్క తగువు మొదట్నుంచి కడాకు విని, రాసుకొని రా. ఊరికే, పరీక్ష కోసమే అనుకో.”

ఫిబ్రవరి మొదటి ఆదివారం లేవి పల్లెకు పోయాడు. ఆరాధన అయినాక కృపమణి అవ్వ అరుగు మీద కూర్చున్నాడు. మొగుడు పోయి ఒంటరిగా బతుకుతున్న ముసలమ్మ. ఆమెకు ఉన్న రెండెకరాల చేను పక్క చేని రైతు తన చేలో కలుపుకుని దున్నుకుంటున్నాడు. ఈ సంగతి ఆమె లేవికి రెండేళ్ళుగా చెబుతూనే ఉంది, లేవి రెండేళ్ళుగా తలూపుతూనే ఉన్నాడు. ఆరోజు మొదటిసారి ఒక ప్రశ్న అడిగాడు.

“అవ్వా, ఆయప్ప నీ చేను దున్నుకునింది ఎప్పుడు?”

“మన గుడికి గంట కట్టినారు సూడు, ఆ మరుసటి వారమే. గంట మోగితే అందరం సంతోషంగా ఉన్యాం. నేను చేను కాడికి పోతే గట్టు లేదు.”

లేవి లేచి ఇంటికి పోయి తండ్రి రిజిస్టరు తీశాడు. బాప్తిస్మాలు, పెళ్ళిళ్ళు, చావులు, అన్నీ గాబ్రియేలు అందులో గుండ్రటి అక్షరాలతో రాసి పెట్టేవాడు. గంట కట్టిన రోజు కూడా ఉంది. 1944 మార్చి 19.

స్థిరాస్తి స్వాధీనం తప్పిన మనిషి దావా వేయడానికి గడువు పన్నెండేళ్ళు. అది దాటితే కాలదోషం పట్టి హక్కు పోతుంది. ఆ నిబంధన లేవి పోయిన పరీక్షలో పొల్లు పోకుండా రాశాడు. ఇప్పుడు రిజిస్టరు ముందు నిలబడి వేళ్ళ మీద లెక్కపెట్టాడు. గట్టిగా చూస్తే ఆరు వారాలే మిగిలాయి. తను పరీక్ష రాసేది జూలైలో. పాసైనా, పేరు నమోదై కోర్టు మెట్లెక్కేసరికి చేను చేజారిపోయి నెలలవుతుంది.

అరుగు దగ్గరికి తిరిగి వచ్చి, “ఇన్నేండ్లు వేరే వకీలును ఎవరినీ అడగలేదా అవ్వా?” అన్నాడు.

“ఎందుకడుగుతా నాయనా? పోయినేడు ఒక వకీలాయన దావా నేనేస్తా రమ్మన్యాడు. మాకు మా లేవి ఉండాడు, వాని చేతి మీదుగానే కావాలంటి” అంది కృపమణి, గర్వంగా.

లేవి కడప రైలెక్కాడు. ఆ వారం అతను చదవబోయిన ప్రతి పేజీలోనూ అదే నిబంధన అడ్డం వచ్చింది. నిజం చెబితే గుళ్ళో చేతులు పెట్టిన కోటు అబద్ధమవుతుంది. తండ్రి ఆ బల్ల దగ్గర ఇక ఏ మొహంతో నిలబడతాడు? చెప్పకపోతే? చేను పోతుంది. చట్టం అట్లుండాది అవ్వా అని అంటే ఆమె నమ్ముతుంది కూడా. పల్లెలో ఎవరికీ ఏమీ తెలియదు. ఆ ఆలోచన అతనికి వచ్చింది, ఒక రోజంతా ఉండిపోయింది. అట్లా ఉండనిచ్చినందుకు తనమీద తనకే అసహ్యం వేసింది.

మరుసటి ఆదివారం గుళ్ళో సాక్ష్యాలు చెప్పే వేళ లేవి లేచి నిలబడ్డాడు. దేవుడు తమకు చేసిన మేలు చెప్పుకునే సమయం అది. లేవి పరీక్షలు పాసైన ప్రతిసారీ అక్కడే నిలబడి చెప్పాడు గనక అందరూ ముందే మొహాలు విప్పార్చుకుని చూశారు.

“నేను వకీలును కాదు,” అన్నాడు లేవి. “ఇంకొక పరీక్ష ఉండాది. పోయినేడు రాసి తప్పినా. మీకు చెప్పకుండా దాచిపెట్టినా. కృపమణవ్వ చేనుకు వచ్చే నెలతో గడువు అయిపోతాది. నా కోసం కాచుకుంటే అది పోతాది. రెడ్డిగారి చేత దావా వేయించాల.”

బల్ల దగ్గర గాబ్రియేలు తల వంచుకున్నాడు. కృపమణే అడిగింది, “అంటే ఆ కోటు?”

“కోటు కోటే అవ్వా. నేనే కాలేదు.”

ఆరోజు ఇంట్లో తండ్రి అతనితో మాట్లాడలేదు. విశ్వాసమ్మ సంగటి పెట్టి, అతను తిన్నంతసేపూ గోడవైపు చూస్తూ కూర్చుంది.

కడపకు వచ్చి లేవి పుస్తకం మూసి పక్కన పెట్టాడు. కృపమణి దావా రాయడానికి కూర్చున్నాడు. తను ఎట్లా చదవాలన్నది అక్కడితో తేలిపోయింది, కానీ అంత సులువుగా చేతికి రాలేదు. మొదటిసారి రాసింది చూసి ఓబుళరెడ్డి ఎర్ర పెన్సిలుతో అడ్డంగా గీత కొట్టి, “హద్దులు యాడయ్యా? చేను గాల్లో ఉండాదా?” అన్నాడు. రెండోసారి, “ఆమెకు హక్కు ఎట్ల వచ్చె? ఊరికే వచ్చెనా?” అన్నాడు. మూడోసారి మాట కూడా లేదు, కాగితం వెనక్కి తోశాడు. ఒక్కో గీతకూ లేవి చెవులు కాలిపోయేవి. అయినా ఒక్కో గీతతో, రెండేళ్ళు వల్లెవేసిన ఒక్కో సెక్షను ఎందుకు పుట్టిందో తెలిసివచ్చింది. నాలుగోసారి రెడ్డిగారు కడాకు చదివి, “గంట కట్టిన తేదీకి రుజువు తెప్పించు” అని మాత్రం అన్నాడు.

తండ్రిని అడగడానికి లేవికి నోరు రాలేదు. రిజిస్టరు పంపమని ఇంటికి కార్డు ముక్క రాసి ఊరుకున్నాడు.

మార్చి మొదటి వారంలో కృపమణి కడపకు వచ్చింది. పట్టా, శిస్తు రసీదులు కొంగు మూటలోంచి తీసింది. సంచిలోంచి పాత దుప్పటి ముక్కలో చుట్టిన రిజిస్టరు తీసింది. “మీ నాయన ఇచ్చినాడు. భద్రం, మళ్ళా తీసుకరమ్మన్యాడు” అంది. గాబ్రియేలు ఇంకేమైనా అన్నాడా అని లేవి అడగలేదు. ఆమె చెప్పలేదు.

బొజ్జన్న కాగితాలు బల్ల మీద పరిచి, ఆమె బొటనవేలికి సిరా రాశాడు. ఆమె వేలు గాల్లోనే పెట్టుకుని లేవి వైపు తిరిగింది.

“నీ పేరు యాడ ఉండాది నాయనా? దాని పక్కన పెడతా.”

“నా పేరు దీంట్లో లేదవ్వా.”

“రాసింది నువ్వేనంట కదా?”

“రాసింది నేనే. పేరు రెడ్డిగారిది. నా పేరు ఉండకూడదు.”

ఆమె కాసేపు ఆ కాగితాల్ని చూసింది. తర్వాత బొజ్జన్న చూపిన చోట వేలిముద్ర వేసింది. సిరా అంటని చేత్తో మేకుకున్న కోటు మెడపట్టీ మీద దుమ్ము దులిపింది.

“పరీక్ష ఎప్పుడు?”

“జూలైలో.”

“ఈ తూరి తప్పితే చెప్తావా?”

“చెప్తా అవ్వా.”

కృపమణి తృప్తిగా తలూపి సంచి సర్దుకుంది. గడప దాటబోతూ, మరిచిపోయిన మాట ఒకటి గుర్తొచ్చి ఆగింది.

“పోయిన ఆదివారం నుంచి నీ కుండ మళ్ళా పెట్టినాం నాయనా. ఒకరు మానినా అందరం మానినట్టే అని మీ అమ్మే ఇల్లిల్లూ తిరిగి చెప్పింది.”

నిజం చెప్పేస్తే మెడ మీంచి బరువు దిగుతుందనుకున్నాడు లేవి. ఆ ఇళ్ళన్నిట్లో, ఆ పూట ఎసరు ముందు, అతని పేరున పిడికిళ్ళు మళ్ళీ మూసుకుంటున్నాయి. ఆమె వీధి మలుపు తిరిగేదాకా చూసి, లోపలికి వచ్చి, బీరువా తెరిచి, పాత కట్టల్లో పైనున్నదాన్ని తీసి ముడి విప్పాడు.