ఎవ్వరూ బండెక్కించుకోవద్దు

మా ఊళ్లో పని లేకుండా నడవడం కుదరదు. నడుస్తున్న మనిషిని చూసి బండి ఆపకుండా పోతే అది పొగరు. ఎక్కమన్నాక ఎక్కకపోతే అదీ పొగరే. పొలాలకు మట్టి బాట ఉన్నన్నాళ్లు అందరం కాళ్ల మీదే తిరిగాం. తారు రోడ్డు పడ్డాక ఇంటింటికీ ఒక బండి వచ్చింది, కాళ్లకు సెలవు దొరికింది. నేనూ పత్తి చేనుకు మోపెడ్ మీదే పోయేవాణ్ని. యాభై దాటాక షుగరొచ్చింది.

సంగారెడ్డి డాక్టరు మందులు రాసి, రోజూ సాయంత్రం నడవమన్నాడు. నా భార్య అంతకంటే పెద్ద డాక్టరు. పక్క ఊరి బడిలో టీచరు కాబట్టి షరతులు పెట్టడం బాగా తెలుసు.

"మల్ల రక్త పరీక్ష దాకా సూస్త. షుగర్ దిగకపోతే పట్నం పక్కన కొల్లూరు దిక్కు ఫ్లాట్ కిరాయికి తీసుకుందాం. ఆడ లోపల్నే నడిచే జాగ ఉంటది, ఈ కంపెనీల వాసన ఉండది. నేను ఆడికెల్లే బడికొస్త" అంది.

మాట గట్టిగానే ఉంది గాని, ఆమె చూపు నా పాదాల మీద ఉంది. షుగర్ ముదిరి మా అన్న కాలి వేళ్లు తీసేసినప్పుడు ఆస్పత్రిలో పక్కన కూర్చున్నది ఆమే. అందుకే ఎదురు చెప్పలేదు. కానీ ఊరు వదలడం నా వల్ల అయ్యే పని కాదు. పొద్దున లేచి చేను చూడకపోతే నాకు అన్నం సయించదు.

వాసన సంగతి ఆమె అన్నది అబద్ధం కాదు. పాశమైలారం కంపెనీల వైపు నుంచి గాలి మళ్లిందంటే తలుపులు మూసుకుంటాం, ఆరేసిన బట్టలు లోపలికి తెచ్చుకుంటాం. చెరువు మీది నుంచి వీస్తే మాత్రం వాకిట్లో మంచం వేసుకుని అన్నం అక్కడే తింటాం. నేను గడప బయట నిలబడి, దూరంగా చిమ్నీల పొగ ఎటు వంగిందో చూసి, బాగుందనిపిస్తే చెప్పులేసుకునేవాణ్ని.

మొదటి రోజు ఊరు దాటకముందే ఒక బండి ఆగింది. నడిపేది నాకు తమ్ముడి వరసయ్యే అతని కొడుకు.

"ఎక్కు పెద్దనాయినా, దింపుత."

"యాడికి పోతలేను బిడ్డా. ఊకె నడుస్తున్న."

"ఊకె ఎందుకు నడుస్తవ్? జెర ఎక్కు."

ఎక్కాను. చెరువు కట్ట దగ్గర దిగి వెనక్కి తిరిగేసరికి పాల ఆటో ఆగింది. మరునాడైతే ఏకంగా కంపెనీ షిఫ్టు బస్సే ఆగింది. మా ఊళ్లో కిరాయి గదుల్లో ఉండే బిహారీ కార్మికులు కిటికీలోంచి "ఆయియే చాచా" అని పిలిచి సీటు ఖాళీ చేశారు. నడకకని బయల్దేరి బస్సులో ఇల్లు చేరిన మనిషిని నేనొక్కణ్నే అయ్యుంటాను.

చేతిలో కొడవలి పట్టుకుంటే పని మీద పోతున్నాననుకుని వదిలేస్తారనుకున్నాను. పని ఉందని తెలిసి ఇంకా జల్దీ ఎక్కించుకున్నారు. ఒట్టి చేతులతో పోతే పుకారు పుట్టింది. నాకు పెద్దమ్మ వరసయ్యే ముసలామె ఒకరోజు ఇంటికే వచ్చింది.

"బండి అమ్ముకున్నవా కొడుకా? ఇంట్ల ఏమన్న లొల్లయిందా? నడుస్తుంటివంట. పాపం, దినాం ఎవరో ఒకరు దింపుతున్నరంట."

వంటింట్లో ఉన్న నా భార్య ముందు నవ్వింది. చివరి మాట చెవిన పడగానే గరిటెతో బయటికొచ్చింది. "దినాం దింపుతున్నరా?"

నా గుట్టు అట్లా రట్టయింది.

ఆ ఆదివారం చర్చిలో పాస్టరు అయ్యగారు ప్రార్థన మనవులు చెప్పమన్నారు. ఒకరు జ్వరమన్నారు, ఒకరు బోరు ఎండిందన్నారు. నా భార్య కొంగు సర్దుకుని లేచింది.

"అందరికి దండం పెట్టి చెప్తున్న. మా ఆయనకు షుగరుంది, నడవాలె. గాయన్ని ఎవ్వరు బండెక్కించుకోవద్దు."

చర్చి మొత్తం గొల్లున నవ్వింది. నాకు భూమి చీలితే బాగుండుననిపించింది. అయ్యగారు నవ్వు ఆపుకుని కళ్లు మూసుకుని, ఈ సహోదరుని కాళ్లకు బలమివ్వమని, సంఘానికి బండి ఆపని మనసివ్వమని ప్రార్థించారు. చర్చికి రాని సగం ఊరికి ఈ కబురు సాయంత్రానికల్లా సేటు దుకాణంలోంచి అందింది.

ఇక చూడాలి. ఎక్కమనడానికి లేదు గనక, బండి నెమ్మది చేసి నా పక్కనే నడిపిస్తూ పత్తి రేటు దగ్గర్నుంచి పెళ్లి సంబంధాల దాకా ముచ్చట పెట్టేవాళ్లు. షిఫ్టు బస్సులోంచి "చలో చాచా, చలో" అని కేకలు. పెద్దమ్మ అరుగు మీద కూర్చుని నాకు కాపలా కాసేది. ఎండాకాలం చివర పొద్దుగూకినా తారు వేడి చెప్పుల్లోంచి తగిలేది. వానలు పడ్డాక చెరుకు ఆకుల చప్పుడు వింటూ నడవడం నిజంగానే బాగుందనిపించింది. మా చేను గట్టు పక్కనే ఉసిరి చెట్టుందని ఇన్నేళ్లూ మోపెడ్ మీద పోతూ చూడనేలేదు.

పరీక్షకు రక్తం ఇచ్చొచ్చిన రోజు సాయంత్రం, కట్ట మీద ఉండగా వాన అందుకుంది. ఒక బండి వచ్చింది. "నడువు పెద్దనాయినా, నడువు!" అంటూ ఆగకుండా పోయింది. పాల ఆటో హారన్ కొట్టి మరీ పోయింది. ఇదేం ఊరురా అని తిట్టుకుంటుండగా, సంగారెడ్డి నుంచి వస్తున్న నా భార్య స్కూటీ కనిపించింది. బతికాననుకుని వెనక సీటు మీద చెయ్యి వేశాను.

"ఎక్కకు" అంది.

ఆమే దిగింది. స్కూటీని రోడ్డు వార చెట్టు కింద పెట్టి, చెప్పులు చేతిలో పట్టుకుని నా పక్కన నడక మొదలుపెట్టింది. గాలి చెరువు వైపు నుంచి వీస్తోంది. తడిసిన మట్టి వాసన తప్ప మరే వాసనా లేదు.

"ల్యాబుల అడిగిన. జెర దిగింది. ఇంకా దిగాలె" అంది కొంత దూరం పోయాక. చెప్పులు పట్టుకున్న చేత్తోనే కళ్లు తుడుచుకుంది. నాకూ కళ్లల్లో నీళ్లొచ్చాయి, వాన కాబట్టి దాచుకునే పని లేదు.

"మరి కొల్లూరు ముచ్చట?" అని అడిగాను.

ఆమె జవాబిచ్చేలోపే వెనక నుంచి బండొకటి వచ్చి ఆగింది.

"టీచరమ్మా, తడుస్తున్నవ్. నువ్వెక్కు, దింపుత. కాకను నడవనియ్యి."

"వద్దు బిడ్డా, నువ్వు పో" అని అతన్ని పంపేసి, నా వైపు తిరిగింది.

"ఈ ఆదివారం మల్లొకసారి లేసి చెప్పాలె. నన్ను గూడ ఎక్కించుకోవద్దని."