నిన్ననే చెప్పించిన పాఠం

ఆ వార్త నాకు మొదట తెచ్చింది మా బడి బస్సులో పిల్లలను ఎక్కించి దింపే ఆయమ్మ. కరీంనగర్ బస్టాండు దాటుతుండగా నా పక్క సీట్లోకి జరిగింది.

"టీచరమ్మా, గీ ముచ్చట ఎరుకేనా? పట్నంకెళ్లి ట్రైనింగ్ మేడం వస్తున్నదట. నాలుగొద్దులు నేర్పి, అయిదో దినం ఒక్కొక్కల క్లాసుల కూసొని చూస్తదట. నచ్చకపోతే క్లాసు గుంజుకుంటరట."

"ఎవలన్నరు?"

"ఆఫీసుల చాయ్ ఇయ్యవోయిన. మీ పేరు సుత ఇనవడ్డది."

క్లాసు పోతే ఏమవుతానో నాకు తెలుసు. మళ్లీ హెల్పర్‌గా, పిల్లల టిఫిన్ డబ్బాల మూతలు తీసే పనికి. నేను బడి మెట్లెక్కి చదివినదాన్ని కాను. చిన్నప్పుడు నా కాళ్లు బలహీనమని, లక్సెట్టిపేట దగ్గరి మా ఊళ్లో మా బాపు నాకు ఇంట్లోనే బైబిలు వాక్యం చదివిస్తూ అక్షరాలు నేర్పాడు. పరీక్షలన్నీ ప్రైవేటుగా కట్టి రాశాను. అలాంటిదానికి అంతర్జాతీయ బడిలో మూడో తరగతి అప్పగించడం దేవుని దయ అని రోజూ స్తోత్రం చెప్పుకునేదాన్ని. ఆ రోజు మాత్రం స్తోత్రం మరిచి, క్లాసు పోనివ్వద్దని అడుక్కున్నాను.

శిక్షణ నాలుగు రోజులూ ఆ మేడం తిప్పి తిప్పి ఒకే సంగతి చెప్పింది. మా పిల్లల ఇళ్లలో తెలుగు, ఉర్దూ, హిందీ, మరాఠీ ఉన్నాయి. ఏ భాషలో తోస్తే ఆ భాషలో చెప్పనివ్వండి, పిల్ల చెప్పింది వినండి, అంది. అన్నీ నోటు పుస్తకంలో రాసుకున్నాను. భయం తగ్గలేదు.

నాలుగో రోజు మధ్యాహ్నం మా ఉర్దూ టీచరు నా తరగతికి వచ్చింది. వయసులో అందరికంటే పెద్ద, అందరికీ ఆపా, అంటే అక్క.

"ఏందే బేటీ, మొఖం గట్ల పెట్టినవ్? తనిఖీ అంటె ఒక్కటే ఉపాయం. రేపటి పాఠం ఇయ్యాల్నే చెప్పియ్యి. ఎవలు ఏ జవాబు చెప్పాల్నో పంచు. మా జమాన్ల అందరం గదే జేసినం."

"తప్పు గాదా ఆపా?"

"తప్పేంది? చుట్టాలొస్తె ఇల్లు ఊడ్వవా?"

ఆ మాట పట్టుకున్నాను. పెసలు మొలకెత్తే పాఠం. చివరి పీరియడ్‌లో రెండుసార్లు చెప్పించాను. ప్రశ్నలు ఏడు, జవాబులు చెప్పేవాళ్లు ఏడుగురు. భైంసా నుంచి కొత్తగా వచ్చిన అమ్మాయి ఒకతె ఉంది. ఇంట్లో మరాఠీ, బడిలో మౌనం. ఆమెకు ఏ జవాబూ ఇవ్వలేదు. వెనక వరుసలో కిటికీ పక్కన కూర్చోబెట్టాను. అలా చేస్తున్నప్పుడు నాకేమీ అనిపించకపోవడమే ఈ రోజుకీ నన్ను పొడుస్తుంది.

మరునాడు మేడం గోడ పక్క కుర్చీలో కూర్చుంది. ఒకరి పాఠం ఒకరు చూడాలన్నారు కనుక ఆపా, మరో ఇద్దరు టీచర్లు వెనక నిలబడ్డారు. మొదటి ప్రశ్న బాగానే గడిచింది. రెండోదానికి నేను "పెసలు" అన్నానో లేదో ముందు వరుస పిల్ల లేచింది.

"వేరు ఫస్ట్ వస్తది మేడం, తర్వాత ఆకు!"

అది నాలుగో జవాబు. పక్కపిల్ల దాని జడ పట్టి లాగింది. "నీది నాలుగోది గదనే! రెండోది నాది!"

మేడం రాయడం ఆపింది. "ఈ పాఠం ముందే చెప్పారా?"

రివిజన్ అనవచ్చు. ఇంట్లో చదువుకొచ్చారు అనవచ్చు. రెండూ నాలుక మీదికి వచ్చాయి. పిల్లలంతా నన్నే చూస్తున్నారు. నేను ఏది చెప్పినా వాళ్లు తలలూపుతారు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

"అవు మేడం. నిన్న రెండుసార్లు చెప్పిచ్చిన."

"నేనే చెప్పియ్యమన్న," అంది వెనక నుంచి ఆపా. "గీ పిల్లకేం ఎరుకలేదు. రాసేదుంటే నా పేరు రాసుకోండ్రి."

ఏడాదికేడాది పొడిగించే ఉద్యోగం ఆమెది. మేడం ఏదో రాసుకుని గడియారం చూసింది.

"ఇంకా పదిహేను నిమిషాలున్నాయి. చెప్పించనిది చెప్పండి."

 ప్రభువా అనుకుని, బల్ల మీది పెసల గిన్నె పట్టుకుని వెనక వరుసకు నడిచాను. ఆ అమ్మాయి పక్కన నేల మీద కూర్చున్నాను.

"మీ ఇంట్ల మొలకలు ఎట్ల చేస్తరు? మీ మాటల్నే చెప్పు బిడ్డా. నాకు తెల్వది."

ఆ అమ్మాయి గిన్నెలో వేలు పెట్టి గింజలు కదిపింది. తర్వాత, "ఆధీ భిజవాయ్‌చ," అని గొణిగింది. జేబురుమాలు తీసి గింజలు మూటకట్టింది. "మగ్ ఫడక్యాత్ బాంధాయ్‌చ."

జడ లాగిన పిల్ల ఎగిరి అరిచింది. "ముందు నానబెట్టాల్నట మేడం, ఎనుక గుడ్డల కట్టాల్నట! మా అమ్మమ్మది గూడ మరాఠే, గంతే జేస్తది!"

భైంసా అమ్మాయి తలూపి, ముడి గట్టిగా వేయకూడదని వేళ్లతో చూపింది. ఎందుకని నలుగురు ఒకేసారి అడిగారు. నా ఏడు ప్రశ్నల్లో ఆ ప్రశ్న లేదు.

తరగతి నాకే ఉంచారు, మూడు నెలల తర్వాత మళ్లీ చూస్తామన్నారు. ఆపాను మాత్రం ఆ ఏడాది చివర ఇక రావద్దన్నారు. ఆఖరి రోజు గేటు దగ్గర నేను ఏడుస్తుంటే కసురుకుంది.

"చుప్. మెట్లెక్కుడు నాకూ అయితలేదు. నువ్వు గా మరాఠీ పిల్లను మళ్ల ఎనుక కూసోపెడితె మాత్రం ఇంటికొచ్చి తంత."

ఆమె ఇచ్చిన సలహా తప్పే. కానీ పాటించింది నేను, ఉద్యోగం పోయింది ఆమెది. ఇందులో తన పేరు రాస్తానంటే ఆమె ఒప్పుకోలేదు. ఇది చదివేవాళ్లు చర్చిలోనో, గుడిలోనో, మసీదులోనో తల వంచినప్పుడు మా ఆపాను ఒక్కసారి తలుచుకోండి.