ఒకటో తరగతిలో ఇరుక్కున్న తీర్పు

కూర్చుని తింటున్నారని లోకం చాలామందిని ఆడిపోసుకుంటుంది. అందులో న్యాయమెంతో చెప్పలేం గానీ, కుర్చీ తాతయ్య విషయంలో మాత్రం ఆ మాట అక్షరాలా నిజం. ఉద్యోగంలో చేరిన నాటి నుంచి రిటైరైన నాటి వరకు ఆయన కూర్చునే తిన్నాడు. కుర్చీల ఫ్యాక్టరీలో తయారైన ప్రతి రకం కుర్చీ మీదా, అది బజారుకి వెళ్లే ముందు, ఒక మనిషి కూర్చుని చూడాలి. ఆ మనిషి ఈయనే.

కూర్చోవడం ఏ పాటి పని అని తీసిపారెయ్యడానికి లేదు. ముందు నిటారుగా కూర్చునేవాడు. తర్వాత ఎడమకోసారి, కుడికోసారి కదిలేవాడు. ఆపైన వెనక్కి వాలి, కళ్లు మూసుకుని, కుర్చీ తన కష్టసుఖాలు చెప్పుకుంటుంటే వింటున్నవాడిలా ఉండిపోయేవాడు. కొత్తగా చేరిన పనివాళ్లు ఆయన నిద్రపోయాడనుకుని మునివేళ్ల మీద నడిచేవారు. ఒకటి రెండుసార్లు వాళ్లు అనుకున్నదే నిజం. చివరికి కళ్లు తెరిచి తీర్పు చెప్పేవాడు: పాసు, చిన్న లోపమున్నా ధర తగ్గించి అమ్ముకోదగ్గదైతే సెకండ్సు, లేకపోతే రిజెక్టు. ఈ మూడూ కాని వస్తువు ఆయన దృష్టిలో సృష్టిలో లేదు.

రిటైరయ్యాక ఫ్యాక్టరీ ఆయన్ని వదిలేసింది గానీ, ఆయన మాత్రం తీర్పుల్ని వదల్లేదు. ఇంట్లో కాఫీ సెకండ్సు. పక్కింటివాళ్ల కొత్త గేటు రిజెక్టు. కూతురు తను పెళ్లాడతానన్న బస్సు డ్రైవర్ని ఇంటికి తీసుకొచ్చినప్పుడు, ఆ అబ్బాయిని ఎగాదిగా చూసి, లోపలికొచ్చి భార్యతో, "సెకండ్సే. కానీ వాడుకోవచ్చు" అన్నాడు. తలుపు పల్చటిది. పెళ్లయి ఇన్నేళ్లయినా అల్లుడు డ్యూటీలోంచి ఫోన్ చేస్తే, "మామయ్యగారూ, నేనండీ, వాడుకోదగ్గ అల్లుణ్ణి" అనే మొదలుపెడతాడు.

అలాంటి మనిషికి అసలైన పరీక్ష మనవరాలి వల్ల వచ్చిపడింది.

ఆ పిల్లని ఇంట్లో పిడుగు అంటారు. ఎందుకంటారని ఆ ఇంట్లో ఒక పూట గడిపినవాళ్లెవరూ అడగరు. పిడుగుకి ఒకటో తరగతి ఈడొచ్చింది. వీధి చివర ప్రభుత్వ బడి ఉంది. ఊరికి ఆ కొసన పేరుమోసిన పెద్ద బడి ఉంది. పెద్ద బడి బస్సు చీకటితో వచ్చి పిల్లల్ని ఎక్కించుకుని, మళ్లీ చీకటి పడ్డాక దింపుతుంది. కూతురి మనసు పెద్ద బడి మీద. అల్లుడిది వీధి చివర బడి మీద. రోజంతా బస్సులో కూర్చోవడమేమిటో తనకి తెలుసుననీ, ఆ శిక్ష కన్నకూతురికి వెయ్యలేననీ అతని వాదన. మేడ మీద వాటాలో మొదలైన ఆ వాదన మెట్లు దిగి కింది వాటాలోకి, అంటే తాతయ్య దగ్గరికి వచ్చింది.

"నాన్నా, రేపు సాయంత్రంతో చేర్చుకోవడం ఆఖరట. పొద్దున్నే వెళ్లి ఆ వీధి చివర బడి చూసిరా. నీ కంటికి ఆనిందంటే నేనింక మాట్లాడను, అక్కడే చేర్చేస్తాను" అంది కూతురు.

"నీకేమైనా మతి పోయిందా?" అంది అమ్మమ్మ వంటింట్లోంచి. "ఈయన పాసు చేసిన వస్తువు ఈ ఇంట్లో ఒక్కటి చూపించు. నన్నే ఇంకా పరిశీలనలో పెట్టారు."

"తొందరపడి తీర్పు చెప్పకూడదు" అన్నాడు తాతయ్య గంభీరంగా.

ఆ రాత్రి ఆయనకి నిద్ర పట్టలేదు. కారణం ఎవరికీ చెప్పుకునేది కాదు. మధ్యాహ్నాలు కూతురూ అల్లుడూ పనుల్లో ఉంటే పిడుగు తాతయ్య దగ్గరే ఉంటుంది. డాక్టరాట ఆడి రోజూ ఆయన కాలు విరిగిందని తేల్చి, దొరికిన తువ్వాలల్లా కట్టి, "కదిలితే చచ్చిపోతావ్" అని బెదిరించి, ఆ కట్టు మీదే తల పెట్టుకుని నిద్రపోతుంది. కాలు తిమ్మిరెక్కినా ఆయన కదలడు. పెద్ద బడిలో చేరితే ఆ మధ్యాహ్నాలు పోతాయి. వీధి చివర బడైతే పిల్ల మూడింటికల్లా ఇంట్లో ఉంటుంది. కాబట్టి, ఇంకా చూడకముందే, ఆయన మనసు ఆ బడిని పాసు చేసేసింది.

సరిగ్గా అదే ఆయన్ని భయపెట్టింది. న్యాయాధికారికి కావలసినవాళ్లు ఉండకూడదు. ఒకప్పుడు బావమరిది అదే ఫ్యాక్టరీలో వడ్రంగిగా చేరి మొదటి కుర్చీ చేస్తే, ఎక్కడ పక్షపాతం చూపిస్తానోనని తాతయ్య దాని మీద కూర్చోకుండానే రిజెక్టు చేశాడు. ఆ బావమరిది ఈనాటికీ ఆయనతో మాట్లాడడు. ఇప్పుడూ అదే దారి పట్టాలని తెల్లారేసరికి నిశ్చయించుకున్నాడు. మనసు ఎంత పాసు పాసు అంటే, తను అంత గట్టిగా రిజెక్టు వైపు వాలాలి.

ఆ వాలుతోనే బడి గేటు దాటాడు.

పెద్ద టీచరమ్మ ఎదురొచ్చింది. చేతిలో నీళ్ల గొట్టం ఉంది. మొక్కలకి నీళ్లు పెడుతూనే, "చూసుకోండి తాతయ్యగారూ, ఎక్కడికైనా వెళ్లండి, ఏమైనా అడగండి" అంది. ఇంత ధారాళంగా చూడనిస్తున్నారంటే ఎక్కడో ఏదో దాచారన్నమాట అనుకున్నాడు. కుళాయి తిప్పి చూశాడు. గోడ తట్టి చూశాడు. గోడ మీద బొమ్మ దగ్గర ఆగాడు.

"ఏనుగుకి ఐదు కాళ్లున్నాయి."

"పిల్లలు వేశారండీ. ఐదోది దాని పిల్లదట, వెనకాల దాక్కుందట."

తాతయ్య వంగి చూశాడు. ఏనుగు పిల్ల కనబడలేదు. దాక్కుంది కాబట్టి కనబడదు మరి. ఆ సంగతి ఆయనకి అక్కడి నుంచి నాలుగడుగులు వేశాక గానీ తట్టలేదు, తట్టాక కోపమొచ్చింది.

ఒకటో తరగతిలోకి వెళ్లాడు. టీచరు సన్నగా, పొడుగ్గా ఉంది. సుద్దముక్క చెవి మీద పెట్టుకుంది. "రండి, ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ కూర్చోండి" అంది. ఖాళీ చివరి వరసలో ఉంది. ముందు బల్ల, వెనక బెంచీ, రెంటినీ కలిపి బిగించిన ఇనప చట్రం, అంతా ఒకే వస్తువు, ఆరేళ్ల పిల్లల కొలతకి చేసింది. వేరే ఎవరైనా అయితే నిలబడేవారు. కానీ కూర్చోదగ్గది కనబడ్డాక కూర్చోకుండా ఉండడం తాతయ్య వల్ల కాదు. నిటారుగా దూరాడు. ఎడమకి కదిలాడు. కుడికి కదిలాడు. వెనక్కి వాలి కళ్లు మూసుకున్నాడు.

కళ్లు తెరిచి లేవబోతే బల్ల కూడా ఆయనతో పాటు లేచింది.

మళ్లీ కూర్చున్నాడు. బల్లా కూర్చుంది.

పరువుగల మనిషి ఇలాంటప్పుడు ఏం చేస్తాడో ఆయనా అదే చేశాడు. ఏమీ జరగనట్టు కూర్చున్నాడు. కూడికలు అయిపోయాయి. పాట అయిపోయింది. ఆటల గంట కొట్టారు, పిల్లలు పరిగెత్తారు.

"మీరూ బయటికి రావచ్చు తాతయ్యగారూ" అంది టీచరు.

"పరిశీలన లోతుగా సాగుతోందమ్మా. మధ్యలో ఆపకూడదు."

ఆటలు ముగిసి అందరూ తిరిగొచ్చాక, పక్కన కూర్చున్న పళ్లూడిన పిల్ల బల్ల కిందికి తొంగిచూసి, బడంతా వినబడేలా ప్రకటించింది. "టీచర్! తాతయ్య ఇరుక్కుపోయాడు!"

"ఇరుక్కోలేదు" అన్నాడు తాతయ్య. "ఆనుకున్నాను."

"అయితే లే!"

తాతయ్య లేవలేదు. తరగతి మొత్తం లేచి ఆయన చుట్టూ మూగింది.

టీచరు నవ్వలేదు, కంగారూ పడలేదు. చెవి మీది సుద్దముక్క తీసి, బోర్డు మీద కూడికలు తుడిచి, పైన 'తాతయ్యని తియ్యడం ఎలా?' అని రాసింది. "చెప్పండి. చెయ్యెత్తి ఒక్కొక్కరూ."

"కోసెయ్యాలి టీచర్!" అన్నాడు ముందు వరస కుర్రాడు.

"దేన్ని? బల్లనా?"

"తాతయ్యని."

టీచరు అది కూడా రాసింది. "కోస్తే ఏమవుతుంది?"

కుర్రాడు ఆలోచించాడు. "ఇద్దరు తాతయ్యలవుతారు."

"ఇద్దరూ బయటికొస్తారా?"

"ఒకడు వస్తాడు. ఇంకొకడు ఉండిపోతాడు." కాస్త ఆగి, "అయితే వద్దు టీచర్" అన్నాడు పెద్దమనసుతో. తాతయ్య ఊపిరి పీల్చుకున్నాడు.

"సన్నబడేదాకా ఆగుదాం" అంది రెండు జడల పిల్ల.

"అప్పటిదాకా ఎక్కడుంటారు?"

"ఇక్కడే. మనతోటే."

"వచ్చే ఏడు మనం రెండో తరగతికి వెళ్లిపోతాం కదా?"

"తాతయ్య ఫెయిలవుతాడు టీచర్. ఇందాక కూడికలు కూడా చెయ్యలేదు."

సబ్బు నీళ్లన్నారు. సబ్బు నీళ్లు తెచ్చి పోశారు. తాతయ్య కదల్లేదు గానీ ఘుమఘుమలాడాడు. చక్కిలిగింతలన్నారు. పెట్టారు. బల్ల ఊగింది, తాతయ్య ఏ గొంతుతో అరిచాడో ఆయనే గుర్తుపట్టలేకపోయాడు. పనికిరాని ఉపాయం పక్కన టీచరు చిన్న గీత గీస్తోంది తప్ప, దాన్ని తుడవడం లేదు.

ఇక వృత్తి గౌరవం ఊరుకోనివ్వలేదు. "ఇదిగో, వినండి" అని మొదలుపెట్టాడు తాతయ్య.

"చెయ్యెత్తాలి!" అని అరిచింది తరగతి.

తాతయ్య చెయ్యెత్తాడు. టీచరు చెప్పమంది.

"కుర్చీల సంగతి నాకు చెప్పకండి. జీవితమంతా వాటితోనే గడిపాను. ముందుకి వంగి, నడుము ఎడమకి మెలితిప్పి, ఊపిరి బిగబట్టి ఒక్క ఊపు ఊపితే..." అని, చెప్పినట్టే చేశాడు. ఇంతవరకూ నడుము ఒక్కటే ఇరుక్కుంది. ఇప్పుడు మోకాలు కూడా చేరింది.

"తాతయ్యది తప్పు టీచర్" అన్నాడు ముందు వరస కుర్రాడు. ఆ గొంతులో ఎగతాళి లేదు. వాన పడుతోంది అన్నట్టు చెప్పాడు.

"తుడిచెయ్యండమ్మా దాన్ని" అన్నాడు తాతయ్య నీరసంగా.

"తప్పులు తుడవకూడదు!" అంది పళ్లూడిన పిల్ల, పాపం ఈయనకి ఏమీ తెలీదన్న జాలితో. "సాయంత్రం దాకా ఉంచాలి. లేకపోతే మళ్లీ ఎవడో అదే చేస్తాడు."

తాతయ్య బోర్డు వైపు చూశాడు. ఫ్యాక్టరీలో రిజెక్టయిన కుర్చీలు వెనక దొడ్లో పడేసేవారు, అవి వానలో తడిసేవి. అవెందుకు రిజెక్టయ్యాయో చేసినవాడికి ఆయన ఎప్పుడైనా చెప్పాడా? గుర్తు రాలేదు. బోర్డు మీద తన ఉపాయం, తాతయ్యని కొయ్యడంతో మొదలైన వరసలో, చక్కిలిగింతల కింద, అదే కొలత అక్షరాలతో ఉంది. పక్కన గీత కూడా అంతే ఉంది.

చివరికి రెండు జడల పిల్లే అంది, "నిలబడితే రావట్లేదు కదా, పడుకోబెడదాం." బూట్లు విప్పారు, బెల్టు తీశారు. టీచరు తల వైపు, తరగతి మొత్తం కాళ్ల వైపు పట్టి బల్లని మెల్లగా వెనక్కి వాల్చారు. తాతయ్య కాళ్లు ఆకాశంలోకి లేచాయి. సబ్బు నీళ్లకి ఆలస్యంగా బుద్ధొచ్చింది. ఆయన తలకిందులుగా, వెన్నముద్దలా జారి నేల మీదికొచ్చాడు. చప్పట్లు మోగాయి. ఆ మోతకి పెద్ద టీచరమ్మ తలుపు దగ్గరికొచ్చి, మేజోళ్లతో నేల మీద పడున్న పరిశీలకుణ్ణి చూసి, "బాగా చూశారా తాతయ్యగారూ?" అని అడిగి వెళ్లిపోయింది.

టీచరు మాత్రం అప్పుడే సుద్దముక్క అందుకుంది. "ఇదెందుకు పనిచేసింది? చెయ్యెత్తి చెప్పండి."

నేల మీది నుంచి లేచిన మొదటి చెయ్యి తాతయ్యదే.

సాయంత్రం కూతురు ఇంకా చెప్పులైనా విప్పకుండా, "పాసా, రిజెక్టా? త్వరగా చెప్పు, ఆరింటికి ఆఫీసు మూసేస్తారు" అంది. పిడుగు తాతయ్య కాలికి తువ్వాలు కట్టే పనిలో ఉంది. ఈసారి కాలు నిజంగానే నొప్పిగా ఉంది.

తాతయ్య గొంతు సవరించుకున్నాడు. రిజెక్టు అన్న మాట నాలుక చివర దాకా వచ్చింది. ఆ మాట అనేస్తే పక్షపాతం లేదన్న పేరు దక్కుతుంది. పిల్లేమో చీకటితో బస్సెక్కుతుంది.

"నా తీర్పు చెల్లదమ్మా" అన్నాడు. "ఇది ఈ బడిలో చేరితే మధ్యాహ్నం ఇంటికొస్తుంది. నాకు కావలసింది అదే. అందుకని బాగుందన్నా నమ్మకు. బాగోలేదంటే అసలే నమ్మకు, అది నా స్వార్థానికి భయపడి అనే మాట."

కూతురు సోఫాలో కూలబడింది. "అది సరే నాన్నా. అక్కడేం జరిగిందో చెప్పు."

చెప్పాడు. బల్ల లేచింది చెప్పాడు, ఇద్దరు తాతయ్యలవుతారన్నది చెప్పాడు. అమ్మమ్మ గరిటె పట్టుకుని వచ్చి గుమ్మంలో నిలబడిపోయింది. తన ఉపాయం దగ్గరికొచ్చేసరికి కాస్త ఆగి, "నేను చెప్పింది మాత్రం తప్పయింది. ఇంకా గట్టిగా బిగుసుకుపోయాను" అన్నాడు.



"ఏమన్నారూ?" అంది అమ్మమ్మ.

"తప్పయిందన్నాను. బోర్డు మీద కూడా రాశారు."

"ఇన్నేళ్ల కాపురంలో ఈ మాట నేను వినలేదు" అంది అమ్మమ్మ, గరిటె కిందికి దించి. "ఉప్పు డబ్బాలో పంచదార పోసిననాడు కూడా డబ్బాదే తప్పన్నారు."

కూతురు లేచింది. "ఒక్క పూటలో మా నాన్నకే ఇంత చదువు చెప్పారంటే దీనికి చెప్పలేకపోరు" అని, పిడుగు చెయ్యి పట్టుకుని, వైద్యం మధ్యలో ఉందని అది మొత్తుకుంటున్నా వినకుండా వీధిలోకి పరిగెత్తింది.

తాతయ్య విడిపోయిన కట్టుతో కుంటుకుంటూ కిటికీ దగ్గరికి వెళ్లాడు. ఎంతకీ రారు. ఆఫీసు మూసేశారేమోనని ఆయన కుడి నుంచి ఎడమకీ, ఎడమ నుంచి కుడికీ బరువు మార్చుకుంటుంటే ఇద్దరూ వీధి మలుపు తిరిగారు. పిడుగు గెంతుకుంటూ వస్తోంది. కూతురు నవ్వాపుకోలేక మధ్యమధ్య గోడ పట్టుకుంటోంది.

"చేర్చేశాను. మీ ఇంటి నుంచి ఒక్క పాపేనా, తాతయ్యగారు కూడానా అని పెద్ద టీచరమ్మ అడిగారు నాన్నా!"

అమ్మమ్మ పకపకా నవ్వింది. తాతయ్య నవ్వలేదు. 

"పొద్దున గంట ఎన్నింటికి కొడతారట?" అని అడిగాడు.