కథలో నీకేటి కావాల?

మా అత్త పోయిందని పోయిన వారం అరకు నుంచి కబురొచ్చింది. మధ్యాహ్నం అన్నం తిని, గుమ్మంలో చాప వేసుకుని పడుకుందట. మళ్ళీ లేవలేదట. ఫోనులో తమ్ముడు చెప్పింది అంతే. ఏడుపు తర్వాత వచ్చింది. ముందుగా నా నోట వచ్చిన మాట "హమ్మయ్య". పక్కనే ఉన్న మా ఆయన నా వంక అదోలా చూశారు. మీకూ కటువుగానే ఉంటుంది. ఎందుకలా అన్నానో చెప్పుకోవడానికే ఇది రాస్తున్నాను.

మీలో కొందరికి మా అత్త తెలుసు. తెలియదనుకుంటున్నారు, అంతే. డెబ్బైలలో వారపత్రికలు చదివే అలవాటుంటే, దసరా సెలవులకు అరకు వచ్చిన ఒక అబ్బాయి, కొండవాలున పచ్చగా పూసిన వలిసె చేను, బంగళా వరండా, చలికి చీర కొంగు కప్పుకున్న ఒక అమ్మాయి, ఇలాంటి కథలు మీ కంటబడే ఉంటాయి. అందులో సగం మా అత్తవే. మగపేరుతో రాసేది. ఎందుకత్తా అంటే, "ఆడపేరెడితే నా కథే సెప్పుకుంతన్నాననుకుంటారే" అనేది. కాలేజీ అమ్మాయిలు ఆ పేరు మీద సిగ్గుపడుతూ ఉత్తరాలు రాసేవారు. అత్త పప్పు రుబ్బుతూ నాచేత అవి చదివించుకుని మురిసిపోయేది.

ఆవిడ మా నాన్న చెల్లెలు. పెళ్ళయిన కొన్నాళ్ళకే భర్త పోతే, విజయనగరం దగ్గరి అత్తవారింటి నుంచి మా ఇంటికి వచ్చేసింది. మా కొండల్లోకి పాసింజరు బండి కొత్తగా నడుస్తున్న రోజులవి. ఆవిడ దిగిన రోజు శుక్రవారం, సంత. నాన్నది కిరాణా కొట్టు. చింతపండు, పసుపు, వలిసె గింజల బుట్టలతో కొండ జనం దిగుతారు. ఆ రోజు కొట్టు వదిలితే వారమంతా వదిలినట్టే. అందుకని స్టేషనుకు ఎవరూ వెళ్ళలేదు. ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకుని, సంత జనంలో దారి అడుగుతూ వస్తున్న ఆవిడను వీధి అరుగు మీద నుంచి చూశాను. త్రాసు వెనక నుంచి నాన్న, "వచ్చీసావా, లోపలికెల్లు" అన్నాడు. ఆ సంగతి ఆవిడ మళ్ళీ ఎత్తలేదు. నాన్నా ఎత్తలేదు.

కథలు ఎప్పుడు మొదలెట్టిందో నాకు గుర్తులేదు. రాసే పద్ధతి మాత్రం బాగా గుర్తు. అడక్కుండా ఎవరినీ కథలో పెట్టేది కాదు. "పేరు మారిస్తే సాలదే. ముక్కు సూసి పట్టీస్తారు" అనేది. అందుకని ముందు వెళ్ళి ఆ మనిషినే అడిగేది: "నిన్ను కథలో పెడతన్నాను. అందుల నీకేటి కావాల?"

ఊరు ఈ ప్రశ్నకు త్వరగానే అలవాటు పడింది. మా వీధి టైలరు, "కుట్టుమిషను వద్దమ్మా, మోటారు సైకిలివ్వండి" అన్నాడు. అత్త ఇచ్చింది. ఘాట్ రోడ్డు మీద ఏ కథలోనైనా మోటారు సైకిలు చప్పుడు వినిపిస్తే అది మా టైలరే. ఒక కథలో అవసరం కొద్దీ మలుపు దగ్గర పడేసింది. ఆ నెల మా ఇంటి జాకెట్లన్నీ బిగుతుగా కుట్టాడు. డుంబ్రిగుడ వైపు నుంచి అల్లం తెచ్చే ముసలమ్మ, "పట్నం బాబు నా బుట్ట మొత్తం కొన్నట్టు రాయి. బేరమాడకుండా" అంది. అలాగే రాసింది. పాపం ఆ కథానాయకుడు అల్లం బుట్ట మోసుకుంటూనే తిరిగాడు. రెండు చేతులూ ఖాళీ లేక అమ్మాయి చెయ్యి పట్టుకోవడానికి చివరి పేజీ దాకా ఆగవలసి వచ్చింది.

నవ్వుకునేవాళ్ళం. కానీ ఇంట్లో ఎవరికీ చెప్పుకోని కోరికలు జనం ఆవిడకు చెప్పుకునేవారు. కథలో కదా అని ధైర్యం. నాన్న ఒక్కడే, "నీ కథల్లోకి నన్ను లాగకు" అనేవాడు.

తర్వాత నా వంతు వచ్చింది. ఒక దసరాకి అనకాపల్లి నుంచి కుర్రాళ్ళు కొందరు వచ్చి ట్రావెలర్స్ బంగళాలో దిగారు. అందులో ఒకతను రోజూ మా కొట్టుకొచ్చి అగ్గిపెట్టె కొనేవాడు. బల్ల దగ్గర నేనుండేదాన్ని. అతనికి సిగరెట్టు అలవాటే లేదని తర్వాత తెలిసింది. సెలవులయ్యాక అతను తిన్నగా నాన్నకే ఉత్తరం రాశాడు, నన్ను చేసుకుంటానని. కులం వేరు. నాన్న ఆ ఉత్తరాన్ని పొట్లం కట్టే కాగితాల్లో పడేసి, "సెలవులకొచ్చినోడి మాట సెలవుల్తోనే సరి" అన్నాడు. బొబ్బిలి వైపు సంబంధం చూడటం మొదలెట్టాడు. నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. నేనూ అన్నం తింటూ, బియ్యం ఏరుతూ, లోపల మాత్రం గాలాడక ఉన్నాను.

ఆ బియ్యం చేట దగ్గరే అత్త కూర్చుని అడిగింది. "కొత్త కథలో గుంటొకర్తి కొట్లో కూకుంటాది. నీలాంటిదే. అందుల దానికేటి కావాల?"

"అతను మళ్ళీ రావాలి" అన్నాను. చేటలోంచి ఒక రాయి ఏరి పక్కన పెట్టాను. "సెలవులు లేనప్పుడు."

"అదీ. సెలవుల్లో పుట్టిన పేమ, ఆఫీసు తెరిసినాక బతికుంటేనే పేమ" అంది. లేచి వెళ్ళి రాసుకుంది.

ఆ వారంలోనే అతని దగ్గర నుంచి నాన్నకు రెండో ఉత్తరం వచ్చింది. వచ్చే శుక్రవారం ఆఫీసుకు సెలవు పెట్టి బండికి వస్తున్నాను, ఒక్కసారి మాట్లాడనివ్వండి, అని. నాన్న దాన్ని పొట్లాల్లో పడేయలేదు. జవాబూ రాయలేదు. బొబ్బిలి వాళ్ళు ఆ మర్నాడే చూపులకు వస్తామన్నారు. ఇక శుక్రవారం ఏమైతే అదే నా బతుకు.

గురువారం పొద్దున నాన్న వలిసెలు తూస్తుంటే అత్త వెళ్ళి స్తంభానికి ఆనుకుంది. తలుపు చాటున నేనున్నాను.

"అన్నయ్యా, ఈ కథలో గుంట తండ్రొకడున్నాడు. ఆడికేటి కావాల?"

నాన్న త్రాసులోంచి పిడికెడు వలిసెలు తీసేశాడు. "ఆడ్ని సెడ్డోడిలా రాయకు" అన్నాడు. "ఆడికి బయం. ఆ కుర్రోడు గుంటనొదిలి ఎల్లిపోతాడేమోనని."

"మరేటి సెయ్యాల ఆడు?"

"టేసను కాడికి ఎదురెల్లమను. మొకం సూస్తే తెలిసిపోద్ది."

"ఆ రోజు సంతైతే?"

అప్పుడు నాన్న తలెత్తి చెల్లెల్ని చూశాడు. ఇద్దరూ ఏ సంత గురించి మాట్లాడుకుంటున్నారో నాకు అప్పుడే అర్థమైంది.

"కొట్టు మూసీమను" అన్నాడు.

మర్నాడు సంత జనమంతా చూస్తుండగా నాన్న కొట్టు తలుపులు వేశాడు. వీధిలో చావేదైనా జరిగిందేమోనని పక్క కొట్టు వాళ్ళు పరుగెత్తుకొచ్చారు. బండి కూత విన్నాను. ఆ తర్వాత ఎంతసేపో తెలియదు, వంటింట్లో గోడకు ఆనుకుని నిలబడే ఉన్నాను. నాన్న వచ్చాడు. అతని చేతిసంచి నాన్న చేతిలో ఉంది. గుమ్మంలోంచే, "ఒలే, బేగి ఆకులెయ్యండి. కుర్రోడు పొద్దున్నుంచి తినలేదట" అన్నాడు. ఆకుల కట్ట తీసి ఒళ్ళో పెట్టుకుని అక్కడే కూర్చున్నాను. అంత హాయి మళ్ళీ ఎరగను.

ఆ అగ్గిపెట్టెల మనిషే మా ఆయన. విశాఖలో కాపురం. ఈ ఎండాకాలం అత్తను బతిమాలి మా ఇంటికి తెచ్చుకున్నాను. అందరికీ సెలవులు రాసిన మనిషి తను సెలవు మీద ఎక్కడికీ వెళ్ళలేదు. వానలు పడ్డాక, తిరుగు ప్రయాణం ముందు, సంచి సర్దుతుంటే నాకు హఠాత్తుగా తట్టింది. ఊరందరినీ అడిగిన ప్రశ్న ఆవిడను ఎవరూ అడగలేదు.

"అత్తా, కథలో నీకేటి కావాల?"

నవ్వేసింది. "నాకేటుంటాదే." కాసేపు చీర మడతపెట్టింది. "బండి దిగేసరికి నాకోసం ఒకరుండాల. అంతే."

ఆ సాయంత్రం అరకుకి ఫోను చేసి నాన్నకు ఆ ముక్క చెప్పాను. "సరే" అన్నాడు. మేం వెళ్ళేది ఎప్పుడని ఆయన అడగలేదు, శుక్రవారమని నేనే చెప్పాను.

టైడా స్టేషను దాటాక వాన పట్టుకుంది. అరకులో బండి ఆగేసరికి ప్లాట్‌ఫారం మీద టైలరు ఉన్నాడు, అల్లం ముసలమ్మ ఉంది. వాళ్ళ ముందు నాన్న. డెబ్బై దాటిన మనిషి గొడుగు తన మీద పట్టుకోకుండా, చెయ్యి చాచి పక్కన ఖాళీ చోటు మీద పట్టుకుని, తను తడుస్తూ, పెట్టె పెట్టెకీ కిటికీల్లోకి చూసుకుంటూ వస్తున్నాడు.

"దిగత్తా, బండి కదిలిపోతుంది" అన్నాను.

కిటికీ ఊచలు పట్టుకుని అత్త కదల్లేదు.

"ఉండవే గుంటా" అంది. "కాసింత సూడనీ."