సొంత అవసరానికి

టైపు మాస్టారికి ముక్కు మీద కోపం. ముప్పై ఏళ్ళపాటు ఊళ్ళో సగం మంది గుమాస్తాలకు ఆయనే టైపు నేర్పాడు. ఒక్క అక్షరం తప్పు పడితే కాగితం చించి మళ్ళీ మొదటి నుంచి కొట్టించేవాడు. కంప్యూటర్లొచ్చి ఇన్‌స్టిట్యూట్ మూతపడ్డాక ఆయన పెత్తనానికి మిగిలింది ఇద్దరే: మేడ మీద తనతో ఉండే భార్య, కింద వాటాలో అద్దెకున్న మోటార్ల మెకానిక్కు. భార్య ఎదురు చెప్పేది కాదు. మెకానిక్కు చెప్పేవాడు.

నిజం చెప్పొద్దూ, అతను కొరకరాని కొయ్యే. కాలిపోయిన మోటార్లు తెచ్చి వరండాలో విప్పేవాడు. గేటుకి అడ్డంగా బండి పెట్టేవాడు. గోడకి మేకు కొట్టొద్దంటే రెండు కొట్టేవాడు. ఖాళీ చెయ్యమంటే "చూస్తున్నాం మాస్టారూ" అని నవ్వేవాడు. ఆ చూడ్డం మూడేళ్ళుగా సాగుతోంది. ఒకసారి మాస్టారు కిందికి నీళ్ళు రాకుండా మోటారు కట్టేశాడు. మోటార్లు బాగుచేసేవాడి మీద మోటారుతో యుద్ధమేమిటో ఆయనకే తెలియాలి, అరగంటలో నీళ్ళొచ్చాయి. వీధి పెద్దల్ని పిలిచి పంచాయితీ పెడితే, వచ్చినవాళ్ళలో ఇద్దరు తమ మిక్సీలు బాగుచేయించుకుని వెళ్ళారు.

ఆఖరికి మేడమెట్ల మలుపులో ఒక ఇనప స్టూలు వెలిసింది. మాస్టారు దాన్ని మూడుసార్లు వీధిలోకి విసిరేశాడు. మూడుసార్లూ తిరిగొచ్చింది. ఇవాళ స్టూలు వేసినవాడు రేపు మంచం వేస్తాడని రంకెలేస్తూ లాయరు దగ్గరికి వెళ్ళాడు.

"మేకులూ స్టూళ్ళూ కోర్టులో నిలబడవండీ" అన్నాడు లాయరు. "ఇల్లు మీకే కావాలనాలి. సొంత అవసరం. మెట్లెక్కలేని వాళ్ళెవరైనా ఉన్నారా ఇంట్లో?"

"మా ఆవిడకి మోకాళ్ళ నొప్పులు" అన్నాడు మాస్టారు తడుముకోకుండా. ఆవిడ ఏనాడూ ఆయన ముందు అబ్బా అన్న పాపాన పోలేదు.

"ఇంకేం! ఆ ముక్కే గట్టిగా రాసివ్వండి, నోటీసుకి జత చేస్తాను."

మాస్టారు చాలాకాలానికి మిషను మీది గుడ్డ తీశాడు. చదివినవాడికి కళ్ళు చెమర్చాలని పట్టుబట్టి కూర్చున్నాడు. "నా భార్య ఒక్కొక్క మెట్టుకు ఆగి, గోడ పట్టుకుని ఎక్కుచున్నది. రాత్రులు నాకు వినపడకూడదని దిండులో ముఖము దాచుకుని మూలుగుచున్నది. ఈ యాతన చూస్తూ భర్తగా నేను ఊరుకోలేకున్నాను." చదువుకుంటే తనకే ముచ్చటేసింది. ఒక్క తప్పు లేదు. మధ్యలో మంచినీళ్ళకి కేకేశాడు. కింద కుళాయి దగ్గరున్న భార్య పైకి రావడం ఆలస్యమైతే విసుక్కున్నాడు కూడా.

నోటీసు అందిన మూడోరోజు మెకానిక్కు మేడ మీదికొచ్చాడు. మాస్టారు తగవుకి సిద్ధంగా కూర్చున్నాడు. అతని మొహాన మాత్రం ఎప్పటి నవ్వు లేదు.

"అక్కయ్యగారి కోసమని ఒక్క మాట చెబితే సరిపోయేది కదా మాస్టారూ. మధ్యలో లాయరెందుకు?" అన్నాడు. "తప్పు నాదేలెండి. ఆవిడ బకెట్టుతో మలుపు దగ్గర ఆగిపోవడం రెండేళ్ళుగా చూస్తూనే ఉన్నాను. కాసేపు కూర్చుంటారని ఆ స్టూలు వేశాను. మీరేమో విసిరేస్తున్నారు, మీకు చెబుదామంటే ఆవిడ వద్దన్నారు. పోన్లెండి, మీరే కనిపెట్టారు. పదిహేను రోజుల్లో ఖాళీ చేసేస్తాను."

అతను వెళ్ళాక మాస్టారు మెట్ల వైపు కిటికీ పక్కన నక్కి నిలబడ్డాడు, సొంత ఇంట్లో దొంగలాగా. కాసేపటికి భార్య కింది నుంచి వచ్చింది. ఒక మెట్టు, ఆగడం. గోడ మీద చెయ్యి. మరో మెట్టు. మలుపులో స్టూలు మీద కూలబడి రెండు చేతులతో మోకాలు నొక్కుకుంది. ఆయనకి దగ్గొచ్చింది. ఆ చప్పుడికి ఆవిడ గబుక్కున లేచి, ఏమీ ఎరగనట్టు పైకొచ్చేసింది. మాస్టారు మొహం తిప్పుకున్నాడు. తలెత్తి ఆవిడని చూడ్డానికి ఆయనకి మొహం చెల్లలేదు.

మెకానిక్కు పన్నెండో రోజుకే సామాను ఎత్తేశాడు. మేకులన్నీ పీకి, చిల్లులకి సిమెంటు పూసి, ఇల్లు ఊడ్పించి మరీ తాళాలిచ్చాడు. "ఇన్నాళ్ళూ మిమ్మల్ని సతాయించాను, మనసులో పెట్టుకోకండి" అన్నాడు. నిజం చెప్పేయాలని మాస్టారి నాలుక చివరిదాకా వచ్చింది. "మంచిది" అని ఊరుకున్నాడు. వీధిలో వాళ్ళు మాత్రం ఊరుకోలేదు. పెళ్ళాం మోకాళ్ళ కోసం అంత మొండివాణ్ణి ఖాళీ చేయించాడని ఒకరికొకరు చెప్పుకున్నారు. పాల దుకాణం వాడు లేచి నిలబడి దణ్ణం పెట్టాడు. ఆ రోజు నుంచి మాస్టారు పాలకి పక్క వీధికి వెళ్ళడం మొదలుపెట్టాడు.

తాళాలిచ్చిన రోజు మధ్యాహ్నం భార్య కింద ఖాళీ గదిలో గోడకి ఆనుకుని, కాళ్ళు బారజాపుకుని కూర్చుంది. ఆయన్ని చూడగానే గుప్పిట్లోంచి నాలుగు మడతల కాగితం తీసింది.

"మెకానిక్కు వాళ్ళావిడ వెళ్తూ వెళ్తూ ఇచ్చిందండీ. మీ దగ్గరే ఉండాలి వదినా అంది" అని ఆగి, "మీరు నిద్రపోతున్నారనుకునేదాన్ని" అంది.

మాస్టారు గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"దిండు సంగతి కూడా రాశారు. చదువుతుంటే భలే సిగ్గేసింది. ఈయనకి నేను బతికున్నానో లేదో కూడా పట్టదని, లోపల్లోపల మిమ్మల్ని ఎన్నేసి మాటలనుకున్నానో. ఉత్త పాపిష్టిదాన్ని."

"అది కాదే..." అన్నాడాయన. ఆవిడ పెళ్ళయిన కొత్తల్లో నవ్వినట్టు నవ్వుతోంది. ఆ నవ్వు చూశాక తర్వాతి మాట ఎక్కడికి పోయిందో దొరకలేదు.

"పొద్దున పైన చదువుకుని కళ్ళజోడు అక్కడే వదిలేశాను. ఇప్పుడు మళ్ళీ ఎక్కలేను. ఒక్కసారి మీరే చదివిపెట్టండి."

ఆయన పక్కన చతికిలబడి కాగితం అందుకున్నాడు. తను కొట్టిన అక్షరాలే, వరసలు చక్కగా ఉన్నాయి. మెట్ల దగ్గర్నుంచి మొదలుపెట్టి, దిండు దాటి, "ఈ యాతన చూస్తూ భర్తగా" అన్నదాకా చదివాడు. అక్కడ కాగితం దించి తల వంచుకున్నాడు.

ఆవిడ ఆయన చేతి మీద చెయ్యి వేసింది.

"ఊరుకోండి, మరీ అంత బాధపడిపోకండి. కిందికొచ్చేశాంగా."