ఎడమ నుంచి మూడో ఆవిడ

పదహారేళ్ళ కిందట టెక్కలిలో మా ఇంటికి ఇంటర్నెట్ వచ్చిన వారంలోనే నేను ఒక పాత సినిమా పాట మీద తగాదా పెట్టుకున్నాను. హైస్కూల్లో సోషల్ చెప్పేదాన్ని, తగాదా నాకు కొత్త కాదు. పాత సినిమాల సైటులో ఎవరో ఆ పాటలో హీరోయిన్ నాట్యాన్ని తెగ పొగిడారు. నేను కింద రాశాను: "హీరోయిన్ని కాసేపు వదిలెయ్యండి. వెనక రెండో వరుసలో ఎడమ నుంచి మూడో ఆవిడని చూడండి. బిందెలు పట్టుకున్న అంతమందిలో బిందెలో నీళ్ళుండాలని గుర్తున్నది ఆవిడొక్కదానికే."

నిజంగానే అంతే. మిగతా వాళ్ళంతా ఖాళీ బిందెలు ఊపుకుంటూ చక్కా పోతారు. ఆవిడ మాత్రం నడుం ఒక పక్కకి ఒంచి, రెండో చెయ్యి దూరంగా చాపి, తొణక్కుండా అడుగులేస్తుంది. కెమెరా ఆవిడ వైపు తిరగనే తిరగదు. నాలుగు క్షణాల్లో చెట్టు చాటుకి వెళ్ళిపోతుంది.

తిట్లొస్తాయనుకున్నాను. కాజీపేట నుంచి ఒక రిటైర్డు రైల్వే గార్డు గారు రాశారు: "అమ్మా, పాటని ఇరవై సార్లు చూశాను. మీరన్నది నిజం. ఈవిడ్ని ఇంకో సినిమాలో తిరగలి దగ్గర చూసినట్టుంది, వెతుకుతాను." ఆయన వెతికారు, దొరికింది. ఆ తిరగలి విసరడం చూస్తే పిండి కింద పడుతుందేమోనని మనం చెయ్యి పట్టాలనిపిస్తుంది. ఆదోని నుంచి ఒక గృహిణి పెళ్ళి సీనులో పట్టుకుంది. అలా ఒకరికొకరు తోడై, నెల తిరిగేసరికి ఆవిడ కోసమే మేం ఒక ఫోరం పెట్టుకున్నాం. అడ్మిన్ నేను.

పేరు తెలీని మనిషికి అభిమాన సంఘం ఏమిటని మా వాళ్ళంతా నవ్వారు. మాకు ఆవిడ పేరే "మూడో ఆవిడ". సినిమా, ఎన్నో నిమిషం, ఏ వరుస, చేతిలో ఏముంది: ఈ నాలుగూ రాసి ఒక బొమ్మ పెడితే ఒక పోస్టు. వందలమంది చేరారు. ఒకరి మొహం ఒకరికి తెలీదు, అందరి ప్రొఫైల్లోనూ ఆవిడ మొహమే. పండగలకి అభినందనలు ఒకే మొహం నుంచి ఒకే మొహానికి వెళ్ళేవి.

అన్ని సినిమాల్లోనూ ఆవిడకి మాట లేదు. పోయినేడాది ఆదోని గృహిణి ఎవరి దగ్గరో అరిగిపోయిన కాపీ ఒకటి సంపాదించి పెట్టారు. అందులో పల్లెటూరి వాళ్ళంతా రాజుగారి మేడలోకి మొదటిసారి వచ్చి నోళ్ళు తెరుస్తారు. ఆ గోలలో ఒక ఆడగొంతు వినిపిస్తుంది, పెదాలు కదిలింది మూడో ఆవిడవే. ఏమందో తెలీక ఫోరంలో పెద్ద రగడ. ఒకరు "ఓయమ్మా, ఇదేలే" అన్నారు, ఇంకొకరు "ఓరన్నా" అన్నారు. నేను ఒక్కసారి విని కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

"ఓలమ్మో! ఇదేటే!"

విశాఖపట్నంలో బీఈడీ చదివేటప్పుడు నేను "ఏటి" అన్నప్పుడల్లా హాస్టలంతా నవ్వేది. నోరు తెరిచే ముందు లోపల ఏమిటి, ఏమిటి అని వల్లె వేసుకునేదాన్ని. అలాంటి మాట రాజుగారి మేడలో, అంత దర్జాగా! గర్వం తలకెక్కి అప్పటికప్పుడు రాసేశాను: "ఆవిడ మా మనిషి. మా ఉద్దానం యాస అది. బతికుంటే పట్టుకుంటాను, ఇదే నా మాట."

నేను జన్మలో చేసిన పెద్ద పొరపాటు ఆ పోస్టు. అది మొదలు ఫోరం ఆగలేదు. సన్మానం చేద్దామన్నారు, శాలువా అన్నారు, జ్ఞాపిక మీద ఏ బొమ్మ వెయ్యాలో ఓటింగు పెట్టారు. ఆవిడ దొరికినా దొరక్కపోయినా ఉద్దానం ఊళ్ళన్నీ తిరుగుతామని ముప్ఫైమంది పలాసకి రైలు టికెట్లు తీసేసుకున్నారు.

నేను మొహం వరకే కత్తిరించిన ఫోటో ఒకటి ప్రింటు తీయించి పర్సులో పెట్టుకున్నాను. సినిమా అని ఎవరికీ చెప్పలేదు. తప్పిపోయిన దూరపు చుట్టం అన్నాను. ఎందుకలా అన్నానో అప్పుడు తెలీదు, ఎగతాళి చేస్తారని కాబోలు. టెక్కలి మార్కెట్లో ఎండు చేపలమ్మే, బారువ ఊరి మనిషి ఒకావిడ ఫోటోని వెలుతురులో పెట్టి చూసింది.

"ఈ నవ్వు నాకు తెల్సునమ్మా. ఇప్పుడు ముసిల్దయిపోనాది. వజ్రపుకొత్తూరు దాటినాక తోటల్లో ఇల్లు," అని దారి చెప్పింది.

మర్నాడే బస్సెక్కాను. కొబ్బరి చెట్లూ జీడి చెట్లూ కలిసిన తోటలో రెండు గదుల స్లాబు ఇల్లు. అరుగు మీద ఒక ముసలావిడ కొబ్బరి మట్టల ఈనెలు చీరుతోంది. ఈనె పట్టుకోవడం, కత్తి ఆన్చడం, ఒక్క గుంజు, ఈనె పక్కన పడటం. నేను గేటు దగ్గరే ఆగిపోయాను. ఎవరూ చెప్పక్కర్లేదు. చేతులు చూస్తే చాలు. కళ్ళు తడిశాయి. గుళ్ళో కూడా నాకెప్పుడూ అలా కాలేదు.

ఫోటో ఇచ్చాను. "నాకు అగపడదమ్మా," అని వెనక్కిచ్చేసింది. అరుగు మీదే కూర్చున్న పక్కింటావిడ నాకోసం కొబ్బరిబోండాం తెస్తానని వెళ్ళింది. ఆవిడ అలా మలుపు తిరిగిందో లేదో ముసలావిడ నా చెయ్యి పట్టుకుంది.

"నానే. ఎవులికీ సెప్పకు తల్లీ."

గబగబా చెప్పింది. ఇరవై రెండేళ్ళకి భర్త పోయాడు. నాలుగేళ్ళ కూతుర్ని అక్క దగ్గర ఒదిలి, వంటపనికని మద్రాసు వెళ్ళింది. ఆ వంట సినిమా వాళ్ళకి. ఒకరోజు గుంపులో మనిషి తక్కువైతే గరిటె పక్కన పెట్టించి నిలబెట్టారు. తొమ్మిదేళ్ళు నిలబడింది.

"సినిమాల్లో ఏసేనంటే ఆ రోజుల్లో ఊరు ఊరుకుంతాదా? ఆసుపత్రిలో ఆయాగా సేత్తన్నానని ఉత్తరాలు రాయించినాను. మా గుంట అదే ఇన్నాది. మా యమ్మ రోగుల్ని సూసుకుంతాదని బళ్ళో అందరికీ సెప్పుకున్నాది. పెద్దయినాక నానూ నీలాగే అవుతానని నర్సు సదువు సదివినాది. ఇప్పుడు పలాసలో డయాలిసిస్ కాడ పన్జేత్తంది. ముప్పై ఏళ్ళు దాటిపోనాది. ఇప్పుడేటని సెప్పమంతావు దానికి?"

ఆ వయసు నర్సు అక్కడ ఒక్కావిడే, నాకు తెలుసు. మా బావ, నందిగాం దగ్గర జీడితోట రైతు, అక్క మొగుడు, మూడేళ్ళుగా అక్కడికే డయాలిసిస్‌కి వెళ్తున్నాడు. శనివారాలు తోడు వెళ్ళేది నేనే.

వచ్చిన దారినే లేచి వచ్చేస్తే బాగుండేది. కానీ ఆశ చంపుకోలేక అడిగాను: "ఒక్కటి చూస్తారా అమ్మా?" మిమ్మల్నే చూసేవాళ్ళం వందలమంది ఉన్నామని చెప్పి, ఫోనులో బిందెల పాట పెట్టాను. ఆవిడ మొత్తం మీద చూసిన సినిమా ఒక్కటేనట, అందులో తను కనపడలేదట. ఫోను రెండు చేతుల్తో పట్టుకుంది. తనని తాను చూసుకుని ఏమంటుందోనని నేను ఆవిడ మొహమే చూస్తూ కూర్చున్నాను.

ఆవిడ తనని చూసుకోనేలేదు. మొదటి పిల్ల మీద వేలు పెట్టి పేరు చెప్పింది. "దీనికి ఆయేల జొరం. జొరంతోనే గెంతినాది." రెండో పిల్ల పేరు చెప్పింది. "ఇది నా సాప మీదే తొంగునీది. రేపల్లె కాడ ఊరు." అలా వరుసంతా చెప్పుకుంటూ పోయింది, ఎవరి పేరేమిటో, ఎవరు ఎందుకు ఏడ్చారో, లైట్ల వేడికి ఎవరు కళ్ళు తిరిగి పడ్డారో. తన దగ్గరికొచ్చేసరికి వేలు దాటేసి నాలుగో పిల్ల దగ్గరికి పోయింది.

పదహారేళ్ళుగా ఆ పాటని మాకంటే ఎక్కువ చూసినవాళ్ళు భూమ్మీద లేరని నా పొగరు. మేం చూసింది ఒక్క మనిషిని. మిగతా వరుసంతా మాకు చెట్లతో సమానం. ఆవిడ వేలు వంకే చూస్తూ ఉండిపోయాను. పక్కింటావిడ బోండాంతో వచ్చే వేళకి ఫోను నా ఒళ్ళో ఉంది, ఆవిడ ఈనెలు చీరుతోంది.

చెప్పనని మాటిచ్చి వచ్చాను గానీ, బస్సులోనే నా బుద్ధి అడ్డదారులు తొక్కింది. మాట నిలబెట్టుకోడానికి ఫోరం ఎందుకు మూయాలి? దొరకలేదని ఒక్క అబద్ధం ఆడితే పోదా? ముప్ఫైమంది వస్తే ఇచ్ఛాపురం వైపు తిప్పి పంపించేస్తే? నిజం చెప్పాలంటే, ఆవిడ మీద కోపం కూడా వచ్చింది. ఎప్పుడో ఆడిన అబద్ధానికి నా పదహారేళ్ళు బలా?

శనివారం బావతో పలాస వెళ్ళాను. పక్క మంచం మీద ఒకావిడ, మొదటిసారి సూది పెట్టించుకుంటోంది, ఒణికిపోతోంది. మా నర్సు వచ్చి నిలబడింది.

"సూదికాసి సూడకప్పా. నా మొకంకాసి సూడు. నానెక్కడికీ ఎల్లను."

ఆవిడ ఒణుకు తగ్గింది. సూది దిగిన సంగతి కూడా ఆవిడకి తెలిసినట్టు లేదు. నేను చనువు కొద్దీ అడిగాను, ఇంత ఓపిక ఎక్కడ నేర్చుకున్నావమ్మా అని.

"మా యమ్మ కాడ మేడమ్," అంది, మొహం వెలిగిపోయింది. "మెడ్రాసు ఆసుపత్రిలో సేసీది. సిన్నప్పుడు సెలవలకి వచ్చినప్పుడల్లా సేసి సూపించీది. మంచం కోడు ఇలా పట్టుకో, మోకాలు ఇలా ఆన్చు, ఇంకెక్కడికో ఎల్లాల్సిన దాన్లా నిలబడకు, రోగికి తెల్సిపోతాది అనీది. నాకు కాలేజీలో సెప్పింది ఒకెత్తు, మా యమ్మ సెప్పింది ఒకెత్తు."

ఆ ఆసుపత్రి నాకు తెలుసు. మా జాబితాలో ఉంది. ఒక సినిమాలో హీరో తల్లి చచ్చిపోయే సీను, వెనక తెల్లచీరలో మూడో ఆవిడ, చెయ్యి మంచం కోడు మీద, మోకాలు మంచానికి ఆనించి. పదకొండు సెకన్లు. ఆ పదకొండు సెకన్లని ఆవిడ ఇంటికి పట్టుకెళ్ళి కూతురికి పెట్టింది. ఆ కూతురు దాన్ని ముప్పై ఏళ్ళుగా ఎంతమంది మంచాల పక్కనో నిలబెట్టింది. మా బావ మంచం పక్కన కూడా. దీన్ని అబద్ధమనడానికి నాకున్న చదువు చాల్లేదు. ముప్ఫైమంది శాలువా పట్టుకుని తోటల్లో తిరిగితే ఏం కూలుతుందో అక్కడ నిలబడి లెక్కేసుకుంటే భయమేసింది.

ఆదివారం పొద్దున కాఫీ తాగి రాశాను: "ఫోరం మూసేస్తున్నాను. ఉద్దానం ఎవరూ రావద్దు. కారణం అడగొద్దు. మూడో ఆవిడ బొమ్మలు ఎవరి దగ్గర ఉన్నా బయట పెట్టొద్దు. నా మీద కోపం ఉంటే నన్ను తిట్టండి."

తిట్టడానికి కావలసినంత ఉంది. వాళ్ళ పదహారేళ్ళు కూడా పోతున్నాయి మరి. గంట తర్వాత ఆదోని గృహిణి ఒక్క ముక్క రాశారు: "పాత పోస్టులు కూడా తీసెయ్యాలా?" తీసెయ్యాలి అన్నాను.

అంతే. తీసెయ్యడం మొదలైంది. ఎవరి పోస్టులు వాళ్ళు, ఒక్కొక్కటే. పైన పోస్టుల అంకె నా కళ్ళ ముందే తగ్గుకుంటూ పోయింది. ప్రొఫైళ్ళలో ఆవిడ మొహాలు ఒక్కొక్కటే ఆరిపోయి బూడిద రంగు బొమ్మలు మిగిలాయి. గుంటూరు డాక్టరు గారు, అన్నిటికీ అడ్డం తిరిగే మనిషి, తన పెళ్ళాన్ని కూడా కూర్చోపెట్టుకుని తుడిచారట. మధ్యాహ్నం భోజనానికి లేవాలనిపించలేదు. ఏమైందని ఒక్కరంటే ఒక్కరు అడగలేదు. ఎవరో ఏమిటో తెలీని మనుషులు, ఒక ముక్క కారణం చెప్పని నా మాట మీద, ప్రాణంగా దాచుకున్నది వాళ్ళ చేతుల్తోనే చెరుపుకున్నారు. బిందెల పాట నుంచి మంచం కోడు దాకా నేను రాసిన జాబితా కూడా చెరిపేశాను. ఇంత గొప్ప మనుషుల మధ్య ఇన్నేళ్ళూ ఊరికే తగాదాలాడుతూ కూర్చున్నానని ఏడుపొచ్చింది, ఏడ్చాను.

మూడయ్యేసరికి ఇద్దరం మిగిలాం, నేనూ కాజీపేట గార్డు గారూ. ఆయన నాకు విడిగా రాశారు.

"అమ్మా, కారణం అడగను. ఎక్కడున్నారని అడగను. మేమంటూ ఉన్నామని ఆవిడకి తెలుసా?"

ఎవరికీ చెప్పనని ఆవిడ చెయ్యి పట్టుకుని మాటిచ్చాను. ఆయనకి ఎనభై దాటాయి, పదహారేళ్ళలో ఒక్కసారి కూడా నన్ను ఏదీ అడగలేదు. తెలుసంటే ఆవిడ దొరికిందని చెప్పినట్టే. చివరికి ఒక్క మాట కొట్టాను.

"తెలుసు."

కాసేపటికి సభ్యుల దగ్గర రెండు పోయి ఒకటి వచ్చింది. ఆ ఒకటీ నేనే. అప్పుడు మూసేశాను.